నేపాల్ తుపాకులు, కలకత్తా తాళం

(గ్రంథాలయంలో నెలనెలా జరిగే చరిత్ర సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. ముందు ఒక చిన్న ప్రశ్న. మీ వీధిలో గూర్ఖా ఉన్నాడా?

నవ్వుతున్నారు. ఇప్పుడు సీసీ కెమెరాలొచ్చాక తగ్గిపోయారు గానీ, మన ఊళ్లలో నలభై దాటినవాళ్లందరికీ తెలిసిన మనిషే. రాత్రి ఒంటిగంటకి విజిల్ వేసుకుంటూ, కర్రతో కరెంటు స్తంభాన్ని టంగుమని కొట్టుకుంటూ పోతాడు. ఒకటో తారీఖు దాటగానే గుమ్మం ముందుకొచ్చి 'సాబ్' అని నిలబడతాడు. మా చిన్నప్పుడు మా వీధి గూర్ఖా నడుముకి కుక్రీ ఉండేది. అది ఒరలోంచి తీస్తే రక్తం చూడకుండా మళ్లీ లోపల పెట్టకూడదట అని పిల్లలం గుసగుసలాడుకునేవాళ్లం. ఉత్త కట్టుకథండీ. వాళ్లు ఉల్లిపాయలు కూడా దాంతోనే తరుగుతారు.

ఇవాళ చెప్పబోయేది తుపాకుల గురించి. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పక్కనున్న నేపాల్‌కి తుపాకులు ఎలా పంపింది, ఎలా ఆపింది, ఎందుకు పంపింది, ఎందుకు ఆపింది. మరి గూర్ఖాతో ఎందుకు మొదలుపెట్టానంటారా? ఆ తుపాకులకి నేపాల్ కట్టిన ధర రూపాయల్లో ఒక్కటే కాదు, మనుషుల్లో కూడా కట్టింది. తుపాకి ఇటునుంచి అటు వెళ్లింది, కుర్రాడు అటునుంచి ఇటు వచ్చాడు. ఈ బేరం అర్థమైతే ఇవాళ్టి కథ సగం అయిపోయినట్టే.

మనది డెల్టా. కాలువ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చివరి భూముల రైతుకి నీళ్లు కావాలంటే ఏం చెయ్యాలి? ఎగువ రైతు దయ ఉండాలి, కాలువ కాపలా చూసే లష్కరు దయ ఉండాలి. తూము ఎవరి దగ్గరుంటే వాడే మొనగాడు. ఎగువవాడు 'నీళ్లివ్వను' అని ఎప్పుడైనా అంటాడా? అనడు. 'ఇస్తాంలే, రేపు చూద్దాం' అంటాడు. నాట్లు అదును దాటిపోయాక వదులుతాడు. నేపాల్ మ్యాపు ఒకసారి మనసులోకి తెచ్చుకోండి. ఉత్తరాన హిమాలయాలు, వాటికి అవతల టిబెట్టు. తూర్పు, పడమర, దక్షిణం మూడు వైపులా ఈస్టిండియా కంపెనీ పలుకుబడి, ఆ తర్వాత రాణిగారి ప్రభుత్వం. సముద్రం లేదు. ఇంగ్లండులో కొన్నా, బెల్జియంలో కొన్నా, తుపాకి ఓడలో కలకత్తా రేవులో దిగాలి, రైలెక్కాలి, సరిహద్దు దాటాలి. అక్కడినుంచి కూలీల వీపుల మీద చీసాపానీ, చంద్రాగిరి కనుమలెక్కి ఖాట్మండు లోయలోకి దిగాలి. అంటే నేపాల్ చివరి భూముల రైతు. తూము కలకత్తాలో ఉంది.

ఈ తాళం ఎప్పుడు పడింది? 1814లో కంపెనీకీ, నేపాల్‌ని ఏలుతున్న గూర్ఖాలకీ యుద్ధం మొదలైంది. గూర్ఖాలు గట్టిగా నిలబడ్డారు, చివరికి ఓడిపోయారు. 1815 డిసెంబరులో సుగౌలీలో సంధి రాసుకుని, 1816 మార్చిలో ఖాయం చేసుకున్నారు. నేపాల్ మూడోవంతు రాజ్యం పోగొట్టుకుంది, ఖాట్మండులో బ్రిటిష్ రెసిడెంటుని, అంటే దర్బారులో ఉండే బ్రిటిష్ ప్రతినిధిని, పెట్టుకోవడానికి ఒప్పుకుంది. ఇవన్నీ స్కూలు పుస్తకాల్లో ఉంటాయి. నేను చెప్పేది ఏడో షరతు. కంపెనీ అనుమతి లేకుండా నేపాల్ రాజు ఏ బ్రిటిష్‌వాడినీ, ఏ యూరప్ దేశంవాడినీ, ఏ అమెరికా దేశంవాడినీ కొలువులో పెట్టుకోకూడదు.

ఇందులో తుపాకి అనే మాట లేదు, గమనించారా? కానీ ఇది తుపాకుల షరతే. ఆ రోజుల్లో ఫిరంగి పోత పొయ్యాలన్నా, పటాలానికి కొత్త తరహా కవాతు నేర్పాలన్నా యూరప్ మనిషి కావాలి. మనిషిని ఆపేస్తే విద్య ఆగిపోతుంది. ఈ పాఠం కంపెనీ ఎక్కడ నేర్చుకుంది? మన దగ్గరేనండీ. హైదరాబాద్ వెళ్లినప్పుడు అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని బస్సు కండక్టరు అరుస్తాడు చూడండి, ఆ ఫౌండ్రీ 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం పెట్టిన ఫిరంగుల పోతశాల. ఆ రేమండునే మనవాళ్లు మూసారాముణ్ణి చేసి, మూసారాంబాగ్ అని పేటకి పేరు కూడా పెట్టుకున్నారు. 1798లో ఆయన పోయాడు. అదే ఏడు సెప్టెంబరులో గవర్నర్ జనరల్ వెల్లస్లీ నిజాంతో సంధి చేసుకున్నాడు. ఏమని? ఫ్రెంచి దళాన్ని రద్దు చెయ్యాలి, వాళ్లని పంపించెయ్యాలి అని. పోతపోసేవాడు పోయాక పోతశాల ఏం చేస్తుంది? బస్‌స్టాపు అవుతుంది.

సరే, దారి తప్పుతున్నాను. నేపాల్‌కి వద్దాం.

1846లో ఖాట్మండు కోటలో ఒక్క రాత్రి ఘోరమైన ఊచకోత జరిగింది. దాన్ని కోత్ పర్వం అంటారు. అందులోంచి పైకి లేచినవాడు జంగ్ బహదూర్. అక్కడినుంచి 104 ఏళ్లు నేపాల్‌లో రాజు పేరుకే, ఏలింది రాణాలు. ప్రధానమంత్రి పదవి వాళ్ల ఇంట్లో అన్న తర్వాత తమ్ముడికి వెళ్తుంది. జంగ్ బహదూర్ 1850లో ఇంగ్లండు వెళ్లొచ్చాడు, విక్టోరియా రాణిని చూశాడు. ఆయుధాల కార్ఖానాలు కూడా చూశాడు. అవి చూసినవాడికి ఏమనిపిస్తుంది? ఒకటి, వీళ్లతో గొడవ పెట్టుకోకూడదు. రెండు, ఇవి మనకీ కావాలి. 1857లో తిరుగుబాటు లేచినప్పుడు వేల సైన్యంతో తనే లక్నో దాకా దిగివచ్చి బ్రిటిష్‌వాళ్ల పక్కన పోరాడాడు. ప్రతిఫలంగా 1860లో పడమటి తరాయి, అంటే కొండల కింది మైదానం, భూములు కొన్ని వెనక్కి ఇచ్చారు. భూమి ఇచ్చారు గానీ, కొత్తరకం తుపాకుల దగ్గర చెయ్యి బిగించారు. స్నేహితుడేగా, అడిగినన్ని ఇవ్వొచ్చుగా? ఇవ్వలేదు. ఎందుకు?

ఎందుకంటే 1857 వాళ్లకి నేర్పిన పాఠం అది. ఇవాళ మన పక్కన నిలబడ్డ తుపాకి రేపు ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? ఆ భయంతోనే 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. 1878, 11వ చట్టం. మనవాడు లైసెన్సు లేకుండా తుపాకి పట్టుకోకూడదు, యూరోపియన్లకి మాత్రం మినహాయింపు. బ్రిటిష్ పాలన చేసిన చెడ్డ పనులన్నిటిలోకీ ఒక జాతినే నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని చరిత్ర అన్నిటికంటే నల్లటిదిగా చూస్తుందని గాంధీగారు 1918లో రాశారు. అహింస చెప్పిన మనిషి అన్నమాట అది. ఎప్పుడు రాశారు? సైన్యంలో చేరండని ఖేడా జిల్లాలో కరపత్రం పంచుతున్నప్పుడు! అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఆ చట్టం గురించి మాట్లాడేటప్పుడు మనం లైసెన్సు దగ్గరే ఆగిపోతాం. అందులో ఇంకో ముక్క ఉంది. బ్రిటిష్ ఇండియాలోకి గానీ, బ్రిటిష్ ఇండియాలోంచి బయటికి గానీ, సముద్రం మీదైనా నేల మీదైనా, లైసెన్సు లేకుండా ఆయుధాలు, మందుగుండు తీసుకెళ్లకూడదు. అంటే కలకత్తా అంగట్లో డబ్బు పోసి కొన్నా, సరిహద్దు దాటించాలంటే సర్కారు కాగితం ఉండాలి. మన పాతకాలంలో రహదారీ అనేవాళ్లు, సరుకు దాటించడానికి ఇచ్చే చీటీ. ఆ రహదారీ ఇచ్చేది ఎవరు? వైస్రాయి గారి విదేశాంగ శాఖ. అర్జీ పంపేది ఎవరి ద్వారా? ఖాట్మండు రెసిడెంటు ద్వారా. రెసిడెంటు అర్జీ మీద తన మాట ఒకటి రాసి పైకి పంపుతాడు. ఇన్ని ఎందుకట, ఎవరి మీదకట, ఇప్పుడు ఉన్నవెన్ని, అని. కలకత్తాలో ఇంకో గుమాస్తా ఇంకో మాట రాస్తాడు. మనకి ఆఫీసుల్లో ఫైలు తిరగడం ఎలా ఉంటుందో తెలుసు కదా, దానికి తాతముత్తాతలు ఇవన్నీ.

ఇప్పుడు బేరం సంగతి.

గూర్ఖాలు బ్రిటిష్ సైన్యంలో చేరడం 1815 నుంచే ఉంది. యుద్ధం జరుగుతుండగానే వాళ్ల పనితనం చూసి కంపెనీవాళ్లు ముచ్చటపడి చేర్చుకున్నారు. కానీ నేపాల్ దర్బారుకి అది ఇష్టం లేదు. మా కుర్రాళ్లని మీ జీతగాళ్లని చేసుకుంటారా? రేపు మా మీదకే పంపితే? అందుకని రాణాలు చేరికలకి అడ్డం పడేవాళ్లు. పైకి సరేనంటారు, లోపల కొండ ఊళ్లలో కబురు వేరే వెళ్తుంది. 'పోయినవాడి ఇల్లు, పొలం ఏమవుతాయో చూసుకోండి' అని. బ్రిటిష్‌వాళ్లు దొంగచాటుగా మనుషుల్ని పంపి కుర్రాళ్లని సరిహద్దు దాటించుకునేవాళ్లు. చూశారా తమాషా? ఇటువైపునుంచి తుపాకులు దొంగతనంగా అటు వెళ్తున్నాయి, అటువైపునుంచి మనుషులు దొంగతనంగా ఇటు వస్తున్నారు. రెండు ప్రభుత్వాలూ రెండు దొంగతనాలూ ఎరుగుదురు. ఎరిగీ ఎరగనట్టు ఉంటారు.

1880లలో రష్యా మధ్య ఆసియాలో కిందికి దిగుతోంది. 1885లో అఫ్గాన్ సరిహద్దులో పంజ్‌దే దగ్గర అఫ్గాన్లతో రష్యన్లకి పోరు జరిగేసరికి ఇక్కడ సిమ్లాలో అందరికీ టెన్షన్. గూర్ఖా పటాలాలు పెంచాలి, అర్జెంటుగా పెంచాలి. మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారు? నేపాల్ ఇవ్వాలి. నేపాల్‌కి ఏం కావాలి? తుపాకులు కావాలి. అప్పటి రెసిడెంటు గిర్డిల్‌స్టన్. ఈ రెండిటికీ ముడి వేసి చూడాలన్న ఆలోచన రెసిడెన్సీ నుంచి పైకి వెళ్లింది. అదే 1885 నవంబరులో ఖాట్మండులో ఇంకో నెత్తురు రాత్రి. ప్రధానమంత్రి రణోద్దీప్ సింగ్‌ని సొంత తమ్ముడి కొడుకులే కాల్చి చంపారు. దేంతో? తుపాకులతోనే. పెద్దన్న బీర్ షంషేర్ గద్దెనెక్కాడు.

ఇప్పుడు బీర్ షంషేర్ పరిస్థితి ఆలోచించండి. చేతులకి రక్తం ఆరలేదు. జంగ్ బహదూర్ కొడుకులు కొందరు తప్పించుకుని బ్రిటిష్ ఇండియాలో ఉన్నారు. వాళ్లని బ్రిటిష్‌వాళ్లు ఎగదోస్తే? తనని గుర్తించాలి, తనకి తుపాకులు కావాలి. వాళ్లకి మనుషులు కావాలి. బేరం కుదరక ఏమవుతుంది? చేరికలకి తలుపు తెరుచుకుంది. 1886లో గోరఖ్‌పూర్‌లో చేరికల డిపో పెట్టారు. ఆ రోజుల్లోనే గూర్ఖా రెజిమెంట్లకి రెండో పటాలాలు లేపారు. రాణాలకి రైఫిళ్లు వెళ్లాయి. 1892లో సర్వసేనాని రాబర్ట్స్ స్వయంగా ఖాట్మండు వెళ్లి నేపాల్ సైన్యం కవాతు చూశాడు. అతిథిలా వెళ్లాడు, సరే. కానీ సర్వసేనాని కళ్లు కవాతులో ఏం చూస్తాయి? ఎన్ని తుపాకులు, ఏ రకం, ఎలా పడుతున్నారు? ఇచ్చినవాడే వచ్చి లెక్క చూసుకున్నట్టు.

అయినా నేపాల్ ఊరికే కూర్చోలేదండీ. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన మనిషి ఇక్కడే వస్తాడు. బీర్ షంషేర్ కొడుకు గహేంద్ర షంషేర్. రాజకుమారుడిలాంటివాడు, వేటకెళ్లి పులుల్ని కొట్టుకుంటూ కూర్చోవచ్చు. ఈయనకి పనిముట్ల పిచ్చి. మీరు ఇవ్వకపోతే మేమే చేసుకుంటాం అన్నాడు. ఆ రోజుల్లో గార్డ్‌నర్ గన్ అని ఒకటుండేది. చేత్తో మర తిప్పుతుంటే వరసగా పేలుతుంది, మెషీన్‌గన్‌కి అన్నలాంటిది. ఆ పద్ధతి పట్టుకుని తనే ఒకటి తయారుచేశాడు. దాని పేరు బీరా గన్. రెండు గొట్టాలు, చక్రాల బండి, పైన పళ్లెంలాంటి దాంట్లో తూటాలు. మార్టినీ రైఫిల్ పద్ధతిలో ఇంకో తుపాకి కూడా చేయించాడు, దాన్ని ఇప్పటికీ గహేంద్ర రైఫిల్ అనే అంటారు. చేతిపనితో, ఆకురాయితో రాసి రాసి చేసినవి కాబట్టి ఒకదాని మర ఇంకోదానికి అచ్చంగా కూర్చోదు. ఫ్యాక్టరీ అంటే మీరు బర్మింగ్‌హాం ఊహించుకోకండి. కమ్మరి కొలిమికి పెద్దన్న అనుకోండి. కానీ ఆ రెండిటినీ చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. రేవు లేని దేశంలో, తాళం వేసిన గేటు వెనక, కొండల మీదకి ఇనుము మోయించి, మెషీన్‌గన్ చేశాడు ఆయన. 1906లో చిన్న వయసులోనే చనిపోయాడు. విషం పెట్టారని అప్పట్లో చెప్పుకున్నారు. రాణాల ఇంట్లో అలా చెప్పుకోని చావు తక్కువే అనుకోండి.

ఇక్కడ ఒక మాట. ఈ తుపాకులన్నీ ఎవరి మీద పేల్చడానికి? టిబెట్టుతో ఒకసారి 1855లో యుద్ధం చేశారు. ఆ తర్వాత పెద్ద యుద్ధమేదీ నేపాల్ నేల మీద లేదు. రాణాలు తుపాకులు సొంత సైన్యానికి కూడా పూర్తిగా చేతికివ్వలేదు, ఖాట్మండు ఆయుధాగారాల్లో పెట్టి తాళం వేసుకున్నారు. ఎందుకంటే గద్దె ఎలా వచ్చిందో వాళ్లకి తెలుసు. కలకత్తావాడు ఖాట్మండుకి తాళం వేశాడు, ఖాట్మండువాడు సొంత జనానికి తాళం వేశాడు. బ్రిటిష్‌వాళ్లకి కావలసింది కూడా అదే అని నా అభిప్రాయం. రాణా తన జనాన్ని అణచిపెట్టేటంత బలంగా ఉండాలి. మనల్ని బెదిరించేటంత బలంగా ఉండకూడదు. ఆ కొలత తప్పకుండా చూసుకోవడమే విదేశాంగ శాఖవారి పని.

ఒక్క నేపాలేనా? కాదు. పడమటి గుమ్మం కూడా ఒకసారి చూసి వద్దాం, త్వరగా. అఫ్గానిస్తాన్‌లో అమీర్ అబ్దుర్ రహమాన్. ఆయన కూడా కాబూల్లో మెషీన్‌ఖానా పెట్టి, పైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరుని తెచ్చుకుని తుపాకులు చేయించాడు. ఇండియా మీదుగా వచ్చే ఆయుధాలూ ఇనుమూ ఆపేస్తున్నారని ఆయన గోల. 1893 నవంబరులో ఇండియా విదేశాంగ కార్యదర్శి డ్యూరాండ్ వెళ్లి సరిహద్దు గీత గీశాడు చూడండి, ఆ ఒప్పందంలోనే అమీరుకి బ్రిటిష్‌వాళ్లు ఇచ్చే ఏడాదికి 12 లక్షల రూపాయల భరణాన్ని 18 లక్షలకి పెంచారు. అమీరు ఆయుధాలు కొని తెప్పించుకోవడానికి అభ్యంతరం పెట్టబోమని కూడా రాశారు. గీత కావాలి కాబట్టి గేటు తెరిచారు. 1919లో అప్పటి అమీరు అమానుల్లా బ్రిటిష్‌వాళ్ల మీద యుద్ధానికి దిగాడు. ఆగస్టు 8న రావల్పిండిలో సంధి. అందులో ఏం రాశారు? ఇండియా మీదుగా ఆయుధాలు తెప్పించుకునే వెసులుబాటు తీసేశాం, భరణం బకాయిలు కూడా జప్తు. మళ్లీ 1921 సంధిలో ఇస్తాం అన్నారు. 1923 ఏప్రిల్‌లో కోహట్‌లో ఒక బ్రిటిష్ అధికారి భార్యని చంపి, కూతురు మోలీ ఎలిస్‌ని ఎత్తుకుపోయారు. చంపినవాళ్లు అఫ్గాన్ వైపు దాక్కున్నారు. అంతే, యూరప్‌లో అమానుల్లా డబ్బు పోసి కొన్న ఆయుధాలు బొంబాయి రేవులో ఆగిపోయాయి. సంధి ఉంది, సంతకం ఉంది, సరుకు మాత్రం కదల్లేదు. నెలల తరబడి కదల్లేదు. ఈ 1923 గుర్తుపెట్టుకోండి, ఇప్పుడే దానికి వస్తున్నాను.

నేపాల్‌లో అప్పుడు చంద్ర షంషేర్. 1901 నుంచి 1929 దాకా ఏలాడు. గట్టివాడు. 1904 టిబెట్ దండయాత్రకి బ్రిటిష్‌వాళ్లకి సాయం చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంక లెక్కే లేదు, లోయలూ కొండలూ ఊడ్చి కుర్రాళ్లని పంపాడు. రెండు లక్షల దాకా అంటారు. ఆ దేశం ఎంత, ఆ జనం ఎంత! కొన్ని ఊళ్లలో దున్నడానికి మగవాళ్లు మిగల్లేదు. యుద్ధం అయ్యాక నేపాల్‌కి ఏడాదికి 10 లక్షల రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. చంద్ర షంషేర్ డబ్బుతో ఆగలేదు. నాకు సంధి కావాలి, నా దేశం స్వతంత్రమని రాసివ్వాలి, తుపాకుల హక్కు కాగితం మీద కావాలి అన్నాడు. బేరసారాలు సాగి సాగి చివరికి 1923 డిసెంబరు 21న సంతకాలయ్యాయి. మొదటి షరతులోనే ఇద్దరం ఒకరి స్వాతంత్ర్యాన్ని ఒకరు ఒప్పుకుంటున్నాం అని ఉంది. బ్రహ్మాండం.

అయిదో షరతుకి రండి. ఇది నెమ్మదిగా చెప్తాను. నేపాల్ బలానికి, సంక్షేమానికి అవసరమైన ఆయుధాలు, మందుగుండు, యంత్రాలు బ్రిటిష్ ఇండియా నుంచి గానీ, దాని మీదుగా గానీ స్వేచ్ఛగా తెచ్చుకోవచ్చు. బాగుందా? ఈ ఏర్పాటు ఎప్పటికీ ఉంటుంది. ఇంకా బాగుందా? ఎప్పటికీ అంటే ఎప్పటిదాకా? నేపాల్ ప్రభుత్వ ఉద్దేశాలు స్నేహంగా ఉన్నాయని, ఈ దిగుమతుల వల్ల ఇండియాకి తక్షణ ప్రమాదం లేదని బ్రిటిష్ ప్రభుత్వం తృప్తిపడినంతకాలం.

ముందు వరసలో వకీలు గారున్నారు, ఆయన అప్పుడే నవ్వేస్తున్నారు. తృప్తి ఎవరికి? అవతలివాడికి. స్నేహం ఎంతుందో కొలిచేది ఎవరు? అవతలివాడే. ప్రమాదం ఉందో లేదో చెప్పేది ఎవరు? మళ్లీ ఆయనే. 'ఈ ఇల్లు ఎప్పటికీ నీదే, నీ నడవడి నాకు నచ్చినంతకాలం' అని అద్దెకిచ్చినట్టు! ఆ పైన ఇంకోటి. నేపాల్ తన ఆయుధాల్ని తన సరిహద్దు దాటించి ఎవరికీ పంపకూడదు, ప్రభుత్వమూ పంపకూడదు, ప్రైవేటువాళ్లూ పంపకూడదు. ఆయుధ వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం ఏదైనా అమల్లోకి వచ్చి అందులో బ్రిటన్ ఉంటే, నేపాల్ కూడా ముందు అందులో చేరాలి, ఆ పద్ధతి ప్రకారమే తెచ్చుకోవాలి. 'బలానికి, సంక్షేమానికి' అన్న మాట కూడా కొత్తది కాదు, రెండేళ్ల ముందు అఫ్గాన్ సంధిలో వాడిందే. పాత దస్తావేజు ముందు పెట్టుకుని పేర్లు మార్చి కొత్తది రాసినట్టు ఉంది. చంద్ర షంషేర్ ఖాట్మండులో సంతకం పెడుతున్న ఆ నెలల్లోనే అమానుల్లా తుపాకులు బొంబాయిలో దుమ్ము పట్టి ఉన్నాయి.

అలాగని చంద్ర షంషేర్‌ని తెలివితక్కువవాడు అనకండి. సంధి లేనప్పుడు ప్రతి తుపాకికీ అర్జీ. ఇప్పుడు అది హక్కు, షరతులున్నా హక్కు. ఆరో షరతులో ఇంకోటి సాధించుకున్నాడు. నేపాల్ ప్రభుత్వం కోసం నేరుగా వచ్చే సరుకుకి బ్రిటిష్ ఇండియా రేవుల్లో సుంకం లేదు. నాలుగేళ్లకి, 1927లో, రక్సౌల్ నుంచి అమ్లేఖ్‌గంజ్ దాకా రైలు వేయించాడు, ఆ పైన సరుకు లాక్కెళ్లడానికి రోప్‌వే. కూలీల వీపుల మీద భారం కొంత తగ్గింది. కొంతే. మోటారు కార్లని మాత్రం ఆ తర్వాత కూడా వెదురు బొంగులకి కట్టి, పల్లకీ మోసినట్టు మనుషులే కొండలెక్కించారు. ఆ ఫోటోలు చూసే ఉంటారు.

ఒక చిన్న సంగతి చెప్పకపోతే కథ పూర్తవదు. బ్రిటిష్‌వాళ్లు టిబెట్టుకి కూడా తుపాకులిచ్చారు. 1921లో బ్రిటిష్ దూత చార్లెస్ బెల్ లాసా నుంచి తిరిగొచ్చాక 10 వేల రైఫిళ్లు, కొన్ని మెషీన్‌గన్లు, కొండ ఫిరంగులు అమ్మడానికి ఒప్పుకున్నారు. ఆత్మరక్షణకి మాత్రమే వాడతామని మాట తీసుకున్నారు. అప్పుడు గోల పెట్టింది ఎవరు? నేపాల్! మా పక్కింటివాడికి తుపాకులిస్తే మా గతేంటి అని. నిన్నటిదాకా తన గురించి కలకత్తావాడు పడ్డ భయమే ఇప్పుడు తను పడుతోంది. మనిషి స్వభావం, ఏం చేస్తాం.

1947లో తెల్లవాళ్లు వెళ్లిపోయారు. మరి తాళం?

ఇది చెప్పేముందు మన ఇంటి ముచ్చట. 1947 నవంబరు 29న నిజాం ఢిల్లీతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. పాత ఏర్పాట్లన్నీ ఏడాదిపాటు అలాగే ఉండాలి. పాత ఏర్పాట్లలో నిజాం సైన్యానికి ఇండియా ఆయుధాలివ్వడం కూడా ఒకటి. ఇవ్వడం లేదని హైదరాబాద్ ఫిర్యాదు. రజాకార్లు ఊళ్ల మీద పడుతుంటే ఎలా ఇస్తాం అని ఢిల్లీ. అప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో తుపాకులు తెచ్చి దింపాడు. నేల మీద గేటు మూస్తే ఆకాశంలోంచి వచ్చాయి. 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17కి అయిపోయింది. ఇక్కడ ఢిల్లీ చేసింది తప్పని నేను అనడం లేదు. మా తాతగారి తరంవాళ్లు ఆ రజాకార్ల భయానికి సరిహద్దు దాటి ఇటు వచ్చినవాళ్లని పాకల్లో ఉంచుకున్నారు. ఆ సాధనం ఎంత పాతదో చూపిస్తున్నాను, అంతే.

1950 జూలై 31. ఇండియా, నేపాల్ శాంతి స్నేహ సంధి. అయిదో షరతు చదవండి, మళ్లీ అయిదే. నేపాల్ తన భద్రతకి కావలసిన ఆయుధాలు ఇండియా నుంచి గానీ, ఇండియా మీదుగా గానీ స్వేచ్ఛగా తెచ్చుకోవచ్చు. పద్ధతి ఇద్దరం సంప్రదించుకుని ఖాయం చేసుకుందాం. 'మాకు తృప్తి ఉన్నంతకాలం' అన్న ముక్క పోయింది. హమ్మయ్య అనుకుంటాం. అదే రోజు సంధితోపాటు ఉత్తరాలు మార్చుకున్నారు, వాటిని చాలా ఏళ్లు బయటపెట్టలేదు. ఇండియా మీదుగా వచ్చే ఆయుధాలు ఇండియా సాయంతో, సమ్మతితో రావాలని ఆ ఉత్తరాల్లో ఉంది. తాళం చెవి చేతులు మారింది, తాళం అక్కడే ఉంది.

ఆ సంధి మీద నేపాల్ తరఫున సంతకం చేసింది ఎవరు? మోహన్ షంషేర్, ఆఖరి రాణా ప్రధాని. నాలుగు నెలలు తిరక్కుండానే నవంబరులో త్రిభువన్ రాజు ఇండియా రాయబార కార్యాలయంలో తలదాచుకున్నాడు. రాణాల మీద తిరగబడ్డ నేపాలీ కాంగ్రెస్ కుర్రాళ్లు సరిహద్దు ఊరు బీర్‌గంజ్ పట్టుకున్నారు. వాళ్ల చేతుల్లో తుపాకులు ఎక్కడివి? కొన్ని బర్మా నుంచి విమానంలో వచ్చినవి. నూరేళ్లు రాణాలు గేటు దగ్గర చెయ్యి చాచి తెచ్చుకున్న తుపాకులు ఖాట్మండులో తాళాల వెనక ఉన్నాయి, ఇటునుంచి ఏ కాగితమూ లేకుండా వచ్చినవి పనిచేశాయి.

ఆ తర్వాత సంగతి మీలో చాలామందికి గుర్తే. 1965లో ఒక ఒప్పందం జరిగింది. నేపాల్‌కి ఆయుధాలు ముందు ఇండియా ఇస్తుంది, చాలకపోతే బ్రిటన్, అమెరికా. 1988లో నేపాల్ చైనా దగ్గర విమాన విధ్వంసక ఫిరంగులు కొంది. అవి ఉత్తరం దారిన, కొండల మీద వేసిన రోడ్డు మీద వచ్చాయి. చూశారా, నూట డెబ్భై ఏళ్లలో మొదటిసారి తూము దగ్గరికి రాకుండా నీళ్లొచ్చాయి. 1989 మార్చిలో వర్తక, రవాణా ఒప్పందాల గడువు అయిపోయింది. రవాణా దారులు 15లో రెండు తప్ప అన్నీ మూతపడ్డాయి. ఖాట్మండులో కిరోసిన్ కోసం క్యూలు. తుపాకుల గేటు మీద వచ్చిన కోపం కిరోసిన్ గేటు మీద చూపించారు. ఆ ఏడాది మా ఇంటి దగ్గర గూర్ఖా ఊరికి వెళ్లొచ్చి, 'సాబ్, వంటకి కట్టెలు కొట్టుకున్నాం' అన్నాడు. అప్పుడు నాకు ఇదంతా తెలియదు. ఆయనకీ తెలియదు.

చివరగా ఆ తుపాకులు ఏమయ్యాయో చెప్పి ముగిస్తాను, టీ కూడా వచ్చేసినట్టుంది. ఖాట్మండులో లగన్ సిలేఖానా అని పాత రాజభవనం ఒకటుంది. రెండు వందల ఏళ్ల తుపాకులు గుట్టలు గుట్టలుగా అందులో పడుండేవి. కంపెనీ కాలంనాటి మస్కెట్లు, బ్రిటిష్‌వాళ్లు ఇచ్చిన మార్టినీలు, గహేంద్ర చేయించిన రైఫిళ్లు, ఆయన బీరా గన్లు కూడా, నూనె కారి, దుమ్ము గడ్డకట్టి. 2003లో అమెరికా నుంచి పాత ఆయుధాల వ్యాపారులు వచ్చి మొత్తం కొనేశారు. ఇప్పుడు అవి శుభ్రం చేసి, సేకరించేవాళ్లకి ఒక్కొక్కటీ అమ్ముతున్నారు. గహేంద్ర రైఫిల్ ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది, డాలర్లలో ధర కట్టి ఉంటుంది. ప్రశ్నలుంటే అడగండి. వకీలు గారూ, మీరు ముందు.